పిల్లి తిండి: డ్రై ఫుడ్డా, పౌచ్‌లా, కాశిమేడు చేపలా?

చెన్నైలో మన తెలుగువాళ్ళలో కొత్తగా పిల్లిని తెచ్చుకున్నవాళ్ళు నన్ను అడిగేది ఒకటే: "తక్కువలో మంచి తిండి ఏదండీ?" పెరుగన్నం, పాల సంగతి పక్కన పెడదాం. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, అన్నంతో పొట్ట నిండుతుందే కానీ బలం రాదు.

ధర కిలోకి ఎంత అని కాదు, రోజుకు ఎంత పడుతుందో చూడాలి. 4 కిలోల పిల్లికి డ్రై ఫుడ్ రోజుకు దాదాపు 60 గ్రాములు చాలు, అంటే నెలకు 2 కిలోల లోపే. పౌచ్‌ల (తడి తిండి ఉండే చిన్న ప్యాకెట్ల) మీదే పెంచితే 85 గ్రాములవి రోజుకు 3 దాకా కావాలి, నెలకు 90. ఖర్చులో డ్రై ఫుడ్‌దే గెలుపు.

ప్రొటీన్‌లో మాత్రం కాదు. డ్రై ప్యాకెట్ మీద 30 శాతం, పౌచ్ మీద 8 శాతం అని ఉంటే పౌచ్ దండగ అనిపిస్తుంది. కానీ ఆ పౌచ్‌లో 82 శాతం నీళ్ళే. నీళ్ళు తీసేసి 8ని మిగిలిన 18తో భాగిస్తే 44 శాతం తేలుతుంది. డ్రై ఫుడ్‌లోని 10 శాతం తేమ తీసేసినా అది 33 దగ్గరే ఆగుతుంది.

నా మటుకు నాకు అసలు విషయం ఆ నీళ్ళే. పిల్లుల మూలం ఎడారి ప్రాంతాలు, వాటికి దాహం తక్కువ. 4 కిలోల పిల్లికి తిండిలోవీ తాగేవీ కలిపి రోజుకు సుమారు 200 మిల్లీలీటర్లు కావాలి. ఒక్క పౌచ్‌తోనే 70 దాకా అందుతాయి, 60 గ్రాముల డ్రై ఫుడ్‌తో 6. గిన్నె నిండా నీళ్ళు పెట్టినా ఆ లోటును పూర్తిగా తాగి పూడ్చుకోదు. మన మే నెల ఎండల్లో ఇక చెప్పాలా? మూత్రం చిక్కబడుతుంది. మగపిల్లికి మూత్రనాళం సన్నం, అడ్డుపడిందంటే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. తిండిలో మిగిల్చిందంతా డాక్టరుకు పోస్తాం.

చేపల సంగతికొస్తే, చెన్నై చేపల రేవు కాశిమేడులో కవళ్ళు, నెత్తళ్ళు చవకే. అయితే వాటితోనే పెంచితే పోషకాల లెక్క తప్పుతుంది. పచ్చివి పెడితే వాటిలోని ఒక ఎంజైమ్ బి1 విటమిన్‌ను పాడుచేస్తుంది. ఉడికిస్తే ఆ బాధ పోతుంది కానీ పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం చాలావరకు నీళ్ళలోకి దిగిపోతుంది. టారిన్ చాలకపోతే పిల్లి గుండె కండరం దెబ్బతింటుందని 1987లోనే తేలింది. అందుకే చేపలు ఉడికిన నీళ్ళు పారబోయకండి.

నేను చెప్పేది ఇదీ: విస్కాస్, మీ-ఓ, డ్రూల్స్ లాంటి మధ్యరకం డ్రై ఫుడ్ పెట్టి, మీద ఆ చేపనీళ్ళు మూడు నాలుగు చెంచాలు పొయ్యండి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు. చేపముక్కలు మొత్తం తిండిలో పదోవంతు దాటనివ్వకండి. వీలైతే వారానికి ఒకటి రెండు పౌచ్‌లు. ప్యాకెట్ మీద 'కంప్లీట్' అని ఉందో లేదో చూడండి; 'కాంప్లిమెంటరీ' అని ఉంటే అది నంజుకోవడానికే. రాయల్ కానిన్ లాంటివి మంచివే, కొనగలిగితే కొనండి. కుక్క తిండి వద్దు, అందులో పిల్లికి సరిపడా టారిన్ ఉండదు.

తడిపిన తిండి మన ఉక్కకు త్వరగా పులుస్తుంది, గంటలో తినకపోతే తీసేయండి. మొదట్లో మూతి తిప్పుకుంటే ఒక్క చెంచా నీళ్ళతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి.