కన్హాలో ధ్యానానికి పైసా తీసుకోరు, మా దగ్గర 6,000 వసూలు చేశారు

హైదరాబాద్ దగ్గరున్న ధ్యాన ఆశ్రమం కన్హా శాంతి వనానికి వెళ్లాలనుకునేవాళ్లు ముందు ఈ ఒక్క సంగతి తెలుసుకోండి. అక్కడ ధ్యానం నేర్పినందుకు డబ్బు తీసుకోరు. మొదటి మూడు సిటింగులకూ (ట్రైనర్ ఎదురుగా కూర్చుని చేసే ధ్యానాన్ని అలా అంటారు) లేదు, ఆ తర్వాత జీవితాంతం చేసుకున్నా లేదు. నల్లగొండలో మాకు టూర్ కుదిర్చినాయన మాత్రం ‘ధ్యాన దీక్ష ఫీజు’ అని మనిషికి 1,500 చొప్పున నలుగురికి 6,000 బిల్లులో వేశాడు. కారుకు 8,000, షాద్‌నగర్ లాడ్జిలో రెండు గదులకు రెండు రాత్రులు 3,000, భోజనాలకు 1,000. మొత్తం 18,000 బయల్దేరకముందే చేతిలో పెట్టించుకున్నాడు.

నేను, మా ఆయన, అత్తమ్మ, ఆడబిడ్డ వెళ్లాం. నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా ఔటర్ ఎక్కి, శంషాబాద్‌లో దిగి బెంగళూరు హైవే పట్టుకుంటే ఆశ్రమం ఉన్న చేగూరు వైపు దారి వస్తుంది. ఈ ప్రాంతం ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2016లో రంగారెడ్డిలో కలిసింది. ప్రయాణం హాయిగా జరిగింది.

లాడ్జి మాత్రం నరకం. ‘ఆశ్రమం పక్కనే’ అన్నది అబద్ధం, కారులో వెళ్లాల్సినంత దూరం. దుప్పట్లు తడి వాసన, కిటికీకి జాలీ లేదు, రాత్రంతా దోమలు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులని ముందే చెప్పినా కింద కూర్చునే లెట్రిన్ ఉన్న గదే ఇచ్చారు. వేడినీళ్లు బకెట్‌కు 30 రూపాయలు. కౌంటర్ మీద బోర్డు చూస్తే గది అద్దె 500 అని ఉంది. మా బిల్లులో 750! మేనేజర్‌ను అడిగితే, "మీ ఏజెంటు మాకిచ్చేది అంతకన్నా తక్కువే మేడం" అన్నాడు. అత్తమ్మ మాట్లాడకుండా గోడకు ఆనుకుని జపమాల తిప్పుకుంటూ కూర్చుంది. ఆమె మాట్లాడలేదంటే బాగా కోపంలో ఉన్నట్టు. మా ఆడబిడ్డ తెల్లారేలోపు రెండుసార్లు ఇంటికి పోదామంది.

పొద్దున ఆశ్రమంలో మాకు సిటింగ్ ఇవ్వడానికి వచ్చిన పెద్దావిడతో అత్తమ్మ మొదట అన్న మాట, "ఫీజు కట్టినమమ్మా" అని. "ఫీజా? ఎవరికి కట్టిన్రు?" అని ఆమె ఆశ్చర్యపోయింది. ఆ తర్వాత చాలాసేపు ఓపిగ్గా చెప్పింది. ఇది రాజయోగంలోంచి, అంటే మనసును ధ్యానంతో నిలిపే యోగంలోంచి వచ్చిన పద్ధతి. సహజ మార్గ్ అనేవారు, ఇప్పుడు హార్ట్‌ఫుల్‌నెస్ అంటున్నారు. షాజహాన్‌పూర్ రామచంద్రజీ, అందరూ బాబూజీ అనే ఆయన, 1945లో శ్రీ రామచంద్ర మిషన్ స్థాపించారు. 2014 నుంచి దాజీ, అంటే కమలేశ్ పటేల్ గారు, మార్గదర్శి. యోగానికి పతంజలి చెప్పిన ఎనిమిది అంగాల్లో ఏడోదైన ధ్యానంతోనే ఇక్కడ మొదలుపెడతారు. ఆసనాలు నేర్పుతారేమో అనుకుని వచ్చిన మా ఆడబిడ్డ కాస్త నిరాశపడింది.

చేయాల్సింది ఇంతే. కళ్లు మూసుకుని, హృదయంలో దివ్యమైన వెలుగు ఉందని ఒక్కసారి భావించుకోవాలి. ఆ వెలుగు కనబడాలని ప్రయత్నించకూడదు. ఆలోచనలొస్తే వాటితో పోట్లాడకూడదు, పట్టించుకోకుండా వదిలేయాలి. ఎదురుగా కూర్చున్న ట్రైనర్ కూడా ధ్యానం చేస్తూ ప్రాణాహుతి ఇస్తారు. అంటే గురువు నుంచి వచ్చే సూక్ష్మమైన ఆధ్యాత్మిక శక్తి సాధకుడి హృదయంలోకి ప్రసారమవుతుందని వాళ్ల నమ్మకం. ఈ మార్గం ప్రత్యేకత అదే. మొదటి సిటింగ్‌లో నా బుర్రంతా లాడ్జి బిల్లే. రెండోదానిలో ఎంతసేపు కూర్చున్నానో తెలియలేదు. దాన్ని ప్రాణాహుతి అనాలో, మంచి నిశ్శబ్దం అనాలో తేల్చను గానీ, అంత ప్రశాంతత నాకు చాలా ఏళ్లుగా దొరకలేదు.

నాకు ఇంకా నచ్చింది సాయంత్రం చేసే క్లీనింగ్. రోజంతా మన ఆలోచనలు, పనులు హృదయం మీద ముద్రలు వేస్తాయి, అవే సంస్కారాలై మళ్లీ మనల్ని అదే దారిలో నడిపిస్తాయి అంటారు. పని ముగించుకుని కూర్చుని, ఆ మలినాలన్నీ వీపు వైపు నుంచి పొగలా బయటికి పోతున్నాయని భావించుకోవాలి. పావుగంట, అరగంట చాలు. నా మొదటి క్లీనింగ్ ఆ ఏజెంటు మీది కోపంతోనే చేశాను. డబ్బు అడిగి తీరాలన్న పట్టుదల పోలేదు, గుండెదడ మాత్రం తగ్గింది.

అత్తమ్మకు ఒకటే టెన్షన్: యాదగిరిగుట్ట నరసింహస్వామిని వదిలిపెట్టమంటారా అని. "మీ దేవుడు మీకే ఉంటడమ్మా, ఈ వెలుగుకు రూపం లేదు, మతం లేదు" అని పెద్దావిడ చెప్పాక ఆమె ముఖం విప్పారింది. కుర్చీలో కూర్చుని చేయొచ్చన్నారు, నేల మీదే కూర్చోవాలన్న పట్టింపు లేదు. రెండో రాత్రికి అక్కడే డార్మిటరీలో మంచాలు దొరికాయి. శుభ్రంగా ఉంది. లాడ్జికి ముందే కట్టిన రెండో రాత్రి డబ్బు పోతే పోయిందనుకున్నాం.

ధ్యాన మందిరం తప్పక చూడండి. 2020 జనవరిలో ప్రారంభించారు, లక్ష మంది ఒకేసారి కూర్చోవచ్చు. నడక ఎక్కువే, పెద్దవాళ్లతో వెళ్తే ఎండెక్కకముందే వెళ్లండి. ఒకప్పటి బీడు భూమిలో ఇన్ని చెట్లు పెంచడం నాకు మందిరం కన్నా గొప్పగా అనిపించింది.

ఆశ్రమంలో సాదా శాకాహార భోజనం, కారం తక్కువ. మా ఆయనకు ఎక్కలేదు. తిరుగు ప్రయాణంలో హైవే పక్కన ఒకామె పొయ్యి మీద జొన్న రొట్టెలు కొడుతుంటే ఆగాం. రొట్టె 25, పుంటికూర పప్పు 40. ఆయన నాలుగు తిన్నాడు, అప్పుడు నవ్వాడు. ఏజెంటు తీసుకున్న భోజనాల 1,000లో మాకు ఒక్క పూట కూడా పెట్టలేదు.

ఇంటికొచ్చి ఏజెంటును దీక్ష ఫీజుకు రసీదు అడిగితే ‘సర్వీస్ ఛార్జీ’ అని మాట మార్చాడు. దుకాణం ముందు నిలబడి గట్టిగా అడిగితే 2,000 తిరిగిచ్చాడు. మిగతా 4,000 కోసం వారం వారం వెళ్లి అడుగుతున్నాను, వదలను. మీరు వెళ్లేటట్టయితే కారు మాత్రం మాట్లాడుకోండి, బస ముందే నేరుగా ఆశ్రమంలో బుక్ చేసుకోండి, దీక్ష పేరుతో ఎవరికీ ఏమీ ఇవ్వొద్దు. అంత దూరం కుదరకపోతే వాళ్ల యాప్ ద్వారా ఇంటి నుంచే ట్రైనర్‌తో ధ్యానంలో కూర్చోవచ్చు. అత్తమ్మ ఇప్పుడు అలాగే చేస్తోంది, అదీ ఉచితమే.