అమీర్‌పేట లిజనింగ్ బ్యాచ్: ఆడియో భేష్, స్పెల్లింగ్ లిస్టే ముందొచ్చి చెడగొడుతోంది

విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో, విని జవాబులు రాసే లిజనింగ్‌కే విడిగా నడిచే బ్యాచ్ ఇది. సీటుకో హెడ్‌ఫోన్ ఉంటుంది, రోడ్డు మీది హారన్ల మోత లోపలికి రాదు. 4 భాగాలు, 40 ప్రశ్నలు, ఆడియో ఒక్కసారే, స్పెల్లింగ్ తప్పితే మార్కు పోయినట్టే అని మొదటి క్లాసులోనే స్పష్టంగా చెప్పేస్తారు. ఫ్యాకల్టీకి పరీక్ష మీద మంచి పట్టుంది. చిక్కల్లా పాఠం చెప్పే వరసలోనే.

ముందు పదాల లిస్టు చదివిస్తారు, ఆ తర్వాతే ఆడియో. తెలుగులో రాసింది రాసినట్టే పలుకుతాం కదా, ఆ అలవాటుతో ఇంగ్లిష్‌లోనూ ప్రతి అక్షరానికీ ఓ శబ్దం తగిలించేస్తాం. లిస్టులో ‘ప్లంబర్’ అని చదువుకున్నవాళ్లకు ఆడియోలో ‘ప్లమర్’ వస్తే అదేదో కొత్త మాటలా ఉంటుంది. ‘కప్‌బోర్డ్’ కోసం కాచుకుని కూర్చుంటే ‘కబర్డ్’ చెవిని దాటి పోతుంది. అదేమిటా అని ఆలోచించేలోగా తర్వాతి జవాబూ పోతుంది. అసలు నష్టం అక్కడే.

చదువొచ్చినవాళ్ల చెవిలో స్పెల్లింగ్ ఎప్పుడూ పని చేస్తూనే ఉంటుంది. ప్రాస కలిసిందో లేదో విని చెప్పమంటే, స్పెల్లింగ్ కూడా ఒకేలా ఉన్న ‘పై–టై’ (pie–tie) జంటను త్వరగా పట్టుకుంటారనీ, స్పెల్లింగ్ వేరైన ‘రై–టై’ (rye–tie) దగ్గర ఆలస్యమవుతుందనీ పరిశోధకులు సైడెన్‌బర్గ్, టానెన్‌హాస్ 1979లోనే చూపించారు. అందుకే స్పెల్లింగ్‌ను మానేయమనడం లేదు, శబ్దంతో కలిపి ఇమ్మంటున్నాం.

ఆ పని వీళ్ల వీడియో క్లాసులో చక్కగా జరుగుతోంది: ఇంగ్లిష్ మాటలకు ఇంగ్లిష్ సబ్‌టైటిల్సే వేస్తారు. ఇది సరైన పద్ధతి. పరిచయం లేని యాసకు చెవి అలవాటు పడటానికి ఆ భాష సబ్‌టైటిల్సే సాయపడతాయనీ, సొంత భాషవి అడ్డుపడతాయనీ 2009లో డచ్ శ్రోతలతో పరిశోధకులు మిటరర్, మెక్వీన్ చేసిన ప్రయోగంలో తేలింది.

లిస్టు క్లాసును ఇలా మార్చుకుంటే చాలు. ముందు పది సెకన్ల ఆడియో ముక్క వినిపించి, విన్నది విన్నట్టు తెలుగు లిపిలో రాయించాలి. తర్వాత స్పెల్లింగ్ చూపించి, పలకని అక్షరాన్ని పెన్సిల్‌తో కొట్టేయించాలి. వెంటనే అదే ముక్క మళ్లీ వినిపించాలి. మర్నాడు అదే పదం వేరే గొంతులో రావాలి, లేకపోతే పదం బదులు ఆ గొంతే గుర్తుండిపోతుంది.

ఇప్పుడు చేరేవాళ్లు లిస్టు ఇవ్వగానే బోర్లించి పెట్టి, ముందు ఆడియో పెట్టమని అడగండి. ఆ మాత్రం వినే ఫ్యాకల్టీయే.