గంటస్తంభం సందులో కొన్న జిరాక్సు నోట్సు: 180 రూపాయలు, నాలుగు పేజీలు తక్కువ

ముందు ధర చెప్పేస్తాను. 180 రూపాయలు. స్పైరల్ బైండింగు, పైన ప్లాస్టిక్ షీటు, 212 పేజీలు. నాకు వచ్చినవి 208, ఆ గొడవ తర్వాత చెప్తాను. అట్ట మీద "ప్రపంచ చరిత్ర, తెలుగు మీడియం" అని స్కెచ్ పెన్నుతో రాసుంది. రాసినవాళ్ల పేరు ఎక్కడా లేదు. విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక సందులోని జిరాక్సు షాపులో కొన్నాను. ఎవరు రాశారని అడిగితే, "ఎవలో పాత లెక్చరర్ గారంటండి. మాస్టర్ కాపీ ఒకటుంది. అడిగినోళ్లకి తీసిస్తాం" అన్నాడు షాపతను.

నేను చీపురుపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్తాను. ఉండేది పొందూరు. రోజూ ప్యాసింజరులో వెళ్లి రావడమే. పోయినేడు దూరవిద్యలో ఎం.ఏ. చరిత్ర కట్టాను. ఈ వయసులో ఇప్పుడెందుకే అని మా ఆయన తప్ప అందరూ అడిగారు. ఆయన అడగలేదంటే కారణం, ఫీజు నేనే కట్టుకున్నాను.

బజార్లో దొరికే గైడ్లు నాకు పనికిరాలేదు. అమెరికా విప్లవం, కారణాలు, ఏడు పాయింట్లు. టీ పెట్టెలు సముద్రంలో పడేశారు, యుద్ధం వచ్చింది, స్వాతంత్ర్యం వచ్చింది. నిజం చెప్పాలంటే పిల్లలకి ఇన్నేళ్లూ నేనూ అలాగే చెప్పాను. ఈ నోట్సులో మూడో చాప్టరు వేరేలా మొదలవుతుంది. 1750లో బోస్టన్ వీధిలో ఒకణ్ణి ఆపి నువ్వెవరివయ్యా అంటే ఇంగ్లీషువాణ్ణి అనేవాడు, పాతికేళ్ల తర్వాత అదే మనిషి అమెరికన్ని అన్నాడు, ఈ మధ్యలో వాడికేమైంది? ఆ ప్రశ్నకి జవాబుగా నలభై పేజీలు. నా 180 రూపాయలు ఆ నలభై పేజీలకే చెల్లిపోయాయి.

1607లో వర్జీనియాలో జేమ్స్‌టౌన్‌తో మొదలుపెట్టి, 1732లో జార్జియాకి రాజు పట్టా ఇచ్చేదాకా పదమూడు వలసల సంగతి రెండు పేజీల్లో అయిపోతుంది. మంచి పని చేశారు. ఆ జాబితా ఎక్కడైనా దొరుకుతుంది. మాస్టారు (మాస్టారే అయ్యుంటారు, అక్షరం చూస్తే తెలుస్తుంది, బ్లాక్‌బోర్డు మీద రాసి రాసి వచ్చిన గుండ్రటి రాత) నిలబడి చెప్పింది దూరం గురించి. మధ్యలో మూడు వేల మైళ్ల సముద్రం. ఓడకి ఆరు వారాలు, గాలి ఎదురైతే పది కూడా. లండన్‌లో ఒక ఉత్తర్వు వేస్తే దానికి జవాబు చేరేసరికి ఇక్కడ ఒక పంట కోతకొస్తుంది. అందుకే వాళ్ల పనులు వాళ్లే చూసుకోవడం అలవాటు చేసుకున్నారు. వర్జీనియాలో ప్రతినిధుల సభ 1619లోనే కూర్చుంది. పన్నులు వాళ్లే వేసుకునేవారు, చాలాచోట్ల గవర్నరు జీతం కూడా ఆ సభ దయే. లండన్ కూడా చాలాకాలం చూసీ చూడనట్టు ఊరుకుంది. వ్యాపార చట్టాలు కాగితం మీద ఉండేవి, రేవుల్లో దొంగసరుకు దిగుతూ ఉండేది. అలా వందేళ్లు గడిచాక ఆ ఊరుకోవడమే తమ హక్కు అనుకున్నారు. ఈ మాట పక్కన మార్జిన్‌లో "పరీక్షకు రాదు, అయినా చదవండి" అని రాసుంది. ఇలాంటివి పుస్తకం నిండా ఉన్నాయి. నాకైతే పరీక్షకి వచ్చే పేజీల కన్నా ఇవే నచ్చాయి.

అక్కడే పుట్టి పెరిగి, ఓడ మొహం చూడనివాళ్లు కూడా ఇంగ్లండ్‌ని "ఇల్లు" అనే అనేవారట. సిగడాం దగ్గర రైలు ఆగినప్పుడు ఈ వాక్యం చదివాను. చటుక్కున మా దొడ్డమ్మ గుర్తొచ్చింది.

మా దొడ్డనాన్నది కరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం. మన జిల్లాల నుంచి అక్కడికి వెళ్లినవాళ్లు ఎంతమందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఏటా వేసవిలో వచ్చేవారు. అక్కడ పక్కింటివాళ్లతో "ఇంటికెల్తన్నాం" అని చెప్పి బయల్దేరేవారట. ముప్ఫై ఏళ్లు కాపురమున్న క్వార్టరు ఇల్లు కాదు, పొందూరు ఇల్లు. అన్నయ్య అక్కడే పుట్టాడు. చిన్నప్పుడు వాడూ అదే మాట అనేవాడు. వాడికి పద్నాలుగేళ్లప్పుడు ఇక్కడ ఒక పెళ్లిలో ఏదో అడగబోయి తెలుగులో హిందీ కలిపేశాడు. బంతిలో అందరూ నవ్వారు. "కరగ్‌పూరోడు, ఆడికేటి తెలుసు మన పద్ధతులు" అన్నారెవరో. పెద్ద మాటేం కాదు. కానీ ఆ మరుసటేడు నుంచి వాడు "మీ ఊరు" అనడం మొదలుపెట్టాడు.

ఈ నోట్సు చెప్పేదీ ఇంచుమించు అదే. వేరు కాపురం పెడదామని ఆ వలసలవాళ్లు ముందుగా అనుకోలేదు. మమ్మల్నీ ఇంట్లోవాళ్లలా చూడండి అని అడిగారు. అడిగిన ప్రతిసారీ మీరు బయటివాళ్లు అనిపించుకున్నారు.

వాషింగ్టన్ సంగతి చూడండి. 1756లో ఆయన వర్జీనియా దళానికి కల్నల్. ఎప్పుడో రాజుగారి సైన్యంలో కెప్టెన్‌గా పనిచేసిన ఒకాయన, వలసల కల్నల్ ఆజ్ఞ నాకు వర్తించదని మొరాయించాడు. ఈ పంచాయతీ తీర్చుకోవడానికి వాషింగ్టన్ చలికాలంలో గుర్రమెక్కి బోస్టన్ దాకా వెళ్లాడు. కెప్టెన్ గొడవలో తీర్పు ఈయన వైపే వచ్చింది. ఆయన అసలు కోరుకున్నది మాత్రం రాజుగారి సైన్యంలో ఆఫీసరు హోదా. అది ఎన్నటికీ రాలేదు. ఇచ్చేసుంటే కథ ఎలా ఉండేదో అని నేను చీపురుపల్లి వచ్చేదాకా ఆలోచించాను. కొంచెంలో దిగాల్సిన స్టేషను దాటిపోయేదాన్ని.

ఇక్కడే మాస్టారు మన జిల్లాని లాక్కొచ్చారు. అప్పట్లో ఇంగ్లీషువాళ్లకీ ఫ్రెంచివాళ్లకీ నడుస్తున్న ఏడేళ్ల యుద్ధం మన గడప దాకా వచ్చింది. 1757 జనవరిలో బొబ్బిలి కోట మీదికి ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు తెచ్చాడు. తాండ్ర పాపారాయుడి చేతిలో విజయనగరం రాజు విజయరామరాజు చనిపోయాక, గద్దెనెక్కిన ఆనంద గజపతి ఫ్రెంచివాళ్లని వదిలి ఇంగ్లీషువాళ్లని పిలిచాడు. క్లైవు బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్‌ని పంపాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. ఆ ఏడే అక్కడ ఒహాయో నది దగ్గర ఫ్రెంచి కోట వదిలేసి పారిపోయారు. బొబ్బిలి యుద్ధం బుర్రకథగా ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, అమెరికాతో దానికో చుట్టరికం ఉందని ఎవరూ చెప్పలేదు. 1763లో ఫ్రెంచి భయం తీరిపోయింది. తీరాక వలసలకి కాపలా సైన్యం అవసరం తగ్గింది, లండన్‌కేమో యుద్ధం అప్పు మిగిలింది. కొండల అవతలికి పోయి భూములు ఆక్రమించొద్దని అదే ఏడు రాజు గీత గీశాడు. ఆ వెనకే పన్నులు.

సరిగ్గా ఈ పన్నుల దగ్గరే నా కాపీలో 41 నుంచి 44 దాకా పేజీలు లేవు. 40లో "1765 స్టాంపు చట్టం" అని హెడ్డింగు, తిప్పితే 45లో టీ. మధ్యలో ఎనిమిదేళ్లు గల్లంతు. కోర్టు కాగితాలకి, పత్రికలకి, ఆఖరికి పేకముక్కలకి కూడా స్టాంపు పన్ను వేశారని, తొమ్మిది వలసల ప్రతినిధులు న్యూయార్క్‌లో కూర్చున్నారని నాకు వేరేచోట చదివి తెలుసు కాబట్టి సరిపోయింది. ఆ సభ ఎంత పెద్ద సంగతో తెలియాలంటే పదకొండేళ్లు వెనక్కి వెళ్లాలి. 1754లో ఫ్రాంక్లిన్ పామును ముక్కలుగా గీసి, కలవండి లేదా చావండి అని తన పత్రికలో వేశాడు. ఆల్బనీలో కలిసి ఉండే ప్లాను ఒకటి తయారైంది. దాన్ని ఒక్క వలసా ఒప్పుకోలేదు. ఫ్రెంచి సైన్యం కలపలేనివాళ్లని స్టాంపు కాగితం కలిపింది. వర్జీనియా రైతుకీ బోస్టన్ వర్తకుడికీ ఒకే రోజు ఒకే కోపం వచ్చింది. అది పత్రికల్లో ఊరూరా తిరిగింది.

48వ పేజీ నాకు ముఖ్యం. ఇంగ్లండ్ బట్ట కొనం అని 1760ల చివర్లో ఆడవాళ్లు రాట్నాలు పట్టుకుని ఒకచోట చేరి పోటీపడి వడికేవారట. మోటు గుడ్డ కట్టుకోవడం గొప్పయింది. మా అమ్మమ్మ పొందూరులో వడికింది. వాలుగ చేప దవడ ఎముకతో, ఆ సన్నటి పళ్లతో, కొండపత్తిని గింజ మీదే దువ్వేది. నేను పక్కన కూర్చుంటే ముక్కులోకి నూగు పోయి తుమ్ములొచ్చేవి. గాంధీగారు మన బట్టని మెచ్చుకున్నారని చెప్పేటప్పుడు ఆవిడ వీపు నిటారుగా అయ్యేది. కాబట్టి ఆ బోస్టన్ ఆడవాళ్ల గురించి నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మనిషి ఏ దేశస్థుడో రోజూ ఒంటి మీద కట్టుకుంటే ఆ మాట వేరు. మాస్టారు మాత్రం దీన్ని నాలుగు లైన్లలో కొట్టేశారు. పార్లమెంటు చట్టాలకి ఆరు పేజీలు ఇచ్చినాయన రాట్నానికి ఒక పేజీ ఇవ్వొచ్చు కదా.

టీ మామూలే. 1773 డిసెంబరు 16, 342 పెట్టెలు, ఈస్టిండియా కంపెనీ సరుకు. దాని వెనక వచ్చేది బాగుంది. 1774లో వలసల ప్రతినిధుల సభ (కాంగ్రెసు) కూర్చున్నప్పుడు కూడా వాళ్లు అడిగింది ఇంగ్లీషువాళ్ల హక్కులే. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్‌లో తుపాకులు పేలి యుద్ధం మొదలయ్యాక కూడా, జూలైలో రాజుగారికి దణ్ణాలు పెడుతూ ఇంకో అర్జీ రాశారు. రాజు అర్జీ తీసుకోలేదు సరికదా, ఆగస్టులో వీళ్లని తిరుగుబాటుదారులని ప్రకటించాడు. ఆ తర్వాత ఏడాది తిరగకుండా స్వాతంత్ర్య ప్రకటన. "తలుపు తట్టి తట్టి, తెరవకపోతే వీధిలోనే ఇల్లు కట్టుకున్నారు" అని మాస్టారు రాశారు. బాగుంది గానీ ఒక పేచీ ఉంది. ఆ వీధి ఖాళీగా లేదు. అక్కడి ఆదివాసుల సంగతి ఈ నోట్సులో అర పేజీ. బానిసలుగా తెచ్చిన నల్లవాళ్లకి రెండు లైన్లు. అప్పటి జనాభా సుమారు 25 లక్షల్లో అయిదో వంతు వాళ్లే. మేం అమెరికన్లం అన్నప్పుడు ఆ మేములో ఎవరున్నారో అడగకపోతే చాప్టరు సగమే అయినట్టు. విడిపోవడం ఇష్టంలేక రాజు పక్షాన ఉండిపోయి, చివరికి కెనడాకో ఇంగ్లండ్‌కో వెళ్లిపోయిన వేలమంది ఊసే లేదు.

ఒక తప్పు కూడా ఉంది. 52వ పేజీలో యుద్ధం 1776 జూలై 4న మొదలైందని రాసుంది. కాదు, అప్పటికే పద్నాలుగు నెలలు దాటింది. ఎత్తిరాసినవాళ్ల పొరపాటేమో. ఎవరైనా కొంటే దిద్దుకోండి, పరీక్షలో మార్కు పోతుంది.

ప్రింటు గురించి: జిరాక్సుకి జిరాక్సు కాబట్టి కొన్ని పేజీలు బూడిద రంగులో ఉన్నాయి. మ్యాపులు అసలు ఆనవు. స్పైరల్ వైరు రెండో వారానికే కొసన విరిగి చీరకి పట్టుకుంది. పొందూరు చీరైతే షాపతనితో దెబ్బలాడేదాన్ని.

పేజీల కోసం మళ్లీ వెళ్లాను. "ఏటి మేడం, మళ్లీ వచ్చేరు?" అన్నాడు. చూపించాను. మాస్టర్ కాపీ తీసి ఆ నాలుగూ తీసిచ్చాడు, ఎనిమిది రూపాయలు అడిగాడు. తప్పు నీదే కదా బాబూ అంటే, "మిషన్‌ది మేడం" అన్నాడు. ఎనిమిదీ ఇచ్చాను. అక్కడే నిలబడి 43వ పేజీ చదివాను. అందులో 1765 సభ గురించి ఉంది. ఇక మనలో న్యూయార్కువాడు, న్యూ ఇంగ్లండువాడు అనేదేమీ వద్దు, అందరం అమెరికన్లమే అని సౌత్ కరోలినా నుంచి వచ్చిన గాడ్స్‌డెన్ అనే ఆయన అన్నాడట. మాస్టారు దాని కింద రెండు గీతలు గీశారు. అసలు పేజీ ఇదే, నాకు రానిదీ ఇదే.

ఆ మాట అన్నయ్యకి ఫోన్‌లో చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "వాడి కూతురు చరిత్రే చదువుతుంది కదా, ఒక కాపీ పంపించు" అన్నాడు వెనకనుంచి దొడ్డనాన్న. ఆ పిల్లకి తెలుగు చదవడం రాదు. అన్నయ్య చదివి చెప్తానన్నాడు.

రెండో కాపీకి షాపతను 160 తీసుకున్నాడు. డబ్బులిచ్చే ముందు అక్కడే స్టూలు మీద కూర్చుని పేజీలు లెక్కపెట్టాను. 212 ఉన్నాయి.