బల్బు హోల్డర్‌కి తగిలించే అడాప్టర్లు: ఏది మేలు, ఏది ఇంట్లోకే రానివ్వకూడదు?

శ్రీకాకుళంలో మేము అద్దెకుంటున్న పోర్షన్‌లో ముందు గదికి ఉన్నది ఒకే ఒక్క సాకెట్, అదీ బీరువా వెనక్కి పోయింది. ఓనరు గారు మంచివారే గానీ గోడకి మేకు కొట్టాలన్నా ముందు ఆయనకి ఫోన్ చెయ్యాలి. ఇలాంటి ఇంట్లో చార్జింగ్‌కి చోటు వెతుక్కునేవాడి కన్ను చివరికి బల్బు హోల్డర్ మీదే పడుతుంది. బల్బు తీసి, ఆ చోట అడాప్టర్ ఒకటి తిప్పి, అందులో ప్లగ్గు గుచ్చితే పని అయిపోతుంది కదా అని. నాకూ ఓ ఏడాది పాటు బాగానే అయిపోయింది. తర్వాత ఒకరోజు కాలిన వాసన వచ్చింది, ఆ సంగతికి కాసేపట్లో వస్తాను.

షాపులో హోల్డర్ అడాప్టర్ అంటే ఒకే పేరుతో నాలుగు రకాలు తీసి కౌంటర్ మీద పెడతారు. పిన్ను హోల్డర్‌లో మర బల్బు పట్టేలా చేసేది ఒకటి, దానికి తిరగేసినది ఒకటి, హోల్డర్‌ని ప్లగ్ పాయింటు చేసేసేది ఒకటి, ఒక హోల్డర్‌కి రెండు బల్బులు పెట్టుకునే కొమ్ముల రకం ఇంకొకటి. అన్నీ తెల్లటి ప్లాస్టిక్ ముక్కలే, ధరలూ ఇంచుమించు ఒకటే. అందుకే అడాప్టర్లు మంచివేనా అని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది ఒకటే, దాని కింద ఏం తగిలిస్తావు అని.

ముందు బల్బుల గొడవ. మన ఇళ్లల్లో హోల్డర్లు ఎక్కువగా పిన్నువే, నొక్కి తిప్పితే రెండు చెవులూ గాడిలో పడతాయి. డబ్బా మీద బి22 అని ఉంటే అది. ఈ27 అని ఉంటే మర బల్బు, సీసా మూతలా తిప్పుకుంటూ పోవాలి. ఆ అంకెలు మూతి వెడల్పు, మిల్లీమీటర్లలో. ఉజాలా పథకంలో ఊరూరా ఇచ్చిన ఎల్‌ఈడీ బల్బులు కూడా పిన్నువే కాబట్టి మామూలు వెలుతురు కోసమైతే మర బల్బు అవసరం ఎవరికీ రాదు. అది ఇంట్లోకి వచ్చేది ఆన్‌లైన్‌లో ముచ్చటపడి కొన్న దీపంతోనో, ఈమధ్య అందరూ వరండాలో పెట్టుకుంటున్న బల్బు ఆకారం సీసీ కెమెరాతోనో. ఆ డబ్బాలోనే పిన్ను నుంచి మరకి మార్చే కన్వర్టర్ కూడా పడేసి ఉంటుంది, మనం ఆలోచించకుండా బిగించేస్తాం.

విజయనగరంలో మా అక్క వాళ్లు కూడా అలాగే బిగించారు. కెమెరా పనిచేయడం లేదని పిలిస్తే వచ్చిన ఎలక్ట్రీషియన్ బాబాయి కెమెరా తిప్పి తీసేసి, కన్వర్టర్‌ని హోల్డర్‌లోనే ఉంచి, స్విచ్ వేసి, టెస్టర్ కొనని లోపలి మర అంచుకి ఆనించాడు. టెస్టర్‌లో ఎర్ర దీపం వెలిగింది. "చూసినారా మాస్టారూ, అంచంతా కరెంటే" అన్నాడు. స్విచ్ ఆపి, కన్వర్టర్‌ని ఊడదీసి, సగం చుట్టు తిప్పి మళ్లీ పెట్టి, అదే చోట టెస్టర్ ఆనిస్తే ఈసారి దీపం లేదు. హోల్డర్ అదే, వైర్లు అవే.

ఎందుకంటే, మర హోల్డర్‌లో ఫేజు, అంటే కరెంటు వచ్చే వైరు, అడుగున మధ్యలో ఉండే నాలుకకి రావాలి, చుట్టూ ఉన్న మరకి న్యూట్రల్, అంటే కరెంటు తిరిగిపోయే వైరు, రావాలి. బల్బు తిప్పేటప్పుడు వేలు జారితే తగిలేది మరకే కాబట్టి ఆ ఏర్పాటు. పిన్ను హోల్డర్‌కి ఈ పట్టింపు లేదు, బల్బుని ఇటు పెట్టినా అటు పెట్టినా వెలుగుతుంది. ఆ పట్టింపు లేని హోల్డర్‌లో పట్టింపు ఉన్న మరని తెచ్చి పెడితే అది రెండు రకాలుగా కూర్చుంటుంది, ఒక రకంగా కూర్చుంటే మరకి న్యూట్రల్, రెండో రకంగా అయితే మరకి ఫేజు. బొమ్మా బొరుసే. పోనీ సరిగ్గా ఉన్న వైపు చూసి పెట్టుకుందామంటే, మర బల్బు విప్పడానికి తిప్పేదీ పిన్ను కన్వర్టర్ ఊడడానికి తిప్పేదీ ఒకవైపుకే. బల్బు కొంచెం బిగిసిందంటే మనం నొక్కి తిప్పుతాం, కన్వర్టర్ కూడా దాంతోపాటే ఊడి చేతిలోకి వస్తుంది. "మళ్లీ ఎవులో పెడతారు, ఎలా కూకుంటాదో దేవుడికెరుక" అన్నాడు బాబాయి, ఆ మాటే నాకు గుర్తుండిపోయింది.

కాబట్టి ఇక్కడ ఏది మేలు? కొనేటప్పుడే పిన్ను బల్బు దొరుకుతుంటే అదే కొనండి, కన్వర్టర్ మాటే రాదు. మరదే కావాలి, రోజూ వాడేదే అనుకుంటే హోల్డర్‌నే మార్పించండి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌కి పావుగంట పని, ఫేజు మధ్య నాలుకకే ఇవ్వమని నోటితో చెప్పండి. కన్వర్టర్ మూడో స్థానం. గోడకో సీలింగ్‌కో గట్టిగా బిగించిన హోల్డర్‌లో, పిల్లల చేతికి అందనంత ఎత్తులో, తేలికైన ఎల్‌ఈడీ బల్బు కోసం అయితే పెట్టుకోవచ్చు, బల్బు మార్చేటప్పుడు మాత్రం స్విచ్ ఒక్కటి ఆపితే చాలదు. పాత ఇళ్లల్లో స్విచ్‌ని ఫేజుకి కాకుండా న్యూట్రల్‌కి వేసిన వైరింగ్ ఉంటుంది, అలాంటప్పుడు స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటూనే ఉంటుంది, అందుకని ఎంసీబీయో (కరెంటు మోతాదు మించితే తనంతట తనే పడిపోయే బోర్డు స్విచ్) మెయినో దించి మరీ ముట్టుకోవాలి. వేలాడే హోల్డర్‌కి అయితే కన్వర్టర్ వద్దే వద్దు, బల్బు కెమెరా లాంటి బరువు అసలే వద్దు, కన్వర్టర్ వల్ల పొడవు పెరిగి బరువంతా హోల్డర్ గాడి మీదా వైరు మీదా పడుతుంది.

తిరగేసిన రకం, అంటే మర హోల్డర్‌లో పిన్ను బల్బు పెట్టేది, దీనంత ప్రమాదం కాదు. బల్బు పిన్నులకి తగిలే స్ప్రింగులు లోపలెక్కడో ఉంటాయి, బల్బు తిప్పే వేలికి అందవు. బరువు చూసుకుంటే చాలు.

ఇక నా కథ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను ఉద్దానంలోని మా ఊళ్లో ఉన్నాను. జీడిచెట్లు, కొబ్బరిచెట్లు, కరెంటు స్తంభాలు అన్నీ ఒకదాని మీద ఒకటి. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు చార్జింగ్ పెట్టాలంటే జనరేటర్ ఉన్నవాళ్ల దగ్గర వరస. కరెంటు తిరిగొచ్చిన రాత్రి మా పెంకుటింటి వరండాలో బల్బు తీసేసి, బల్బు కిందా ప్లగ్గులు పక్కనా పట్టే అడాప్టర్ ఒకటి పెట్టి, మళ్లీ బల్బు బిగించి, ఇంట్లో ఫోన్లూ పక్కింటివాళ్ల ఫోన్లూ దానికే వేలాడదీశాం. ఏమీ కాలేదు. కాకపోవడం అదృష్టం కాదు, లెక్క. ఒక్కో చార్జర్ 10 వాట్లు వేసుకున్నా నాలుగింటికి 40, బల్బుకి 9, మొత్తం కలిపి 230 వోల్టుల మీద పావు ఆంపియర్ కూడా దాటదు. ఆ ధైర్యమే కొంప ముంచింది.

శ్రీకాకుళం వచ్చాక 40 రూపాయలు పెట్టి అలాంటిదే ఇంకోటి కొని ముందు గదిలో పెట్టాను. ఒకరోజు పొద్దున్నే ఎక్కడికో వెళ్లే తొందరలో ఇస్త్రీ పెట్టె ప్లగ్గుని దానికే గుచ్చేశాను. మూడు పిన్నుల ప్లగ్గు, అడాప్టర్‌కి ఉన్నవి రెండు బొక్కలు, కింది రెండు పిన్నులు లోపలికి పోయి పైనున్న లావుపాటి ఎర్త్ పిన్ను గాలిలో నిలబడింది. అది చూశాను కూడా, చూసి వదిలేశాను. రెండో చొక్కా మీద ఉండగా వంటింట్లోంచి అమ్మ "ఏటిరా, ఏదో కాల్తన్నట్టుంది" అని అరిచింది. తల పైకెత్తితే హోల్డర్ దగ్గర నుంచి సన్నగా బుస్సుమని శబ్దం. ఆపి, చల్లారాక ఊడదీస్తే అడాప్టర్ పిన్నుల్లో ఒకటి నల్లగా మాడి పక్కకి ఒరిగి ఉంది, దాని చుట్టూ ప్లాస్టిక్ మెత్తబడి వేలిముద్ర పడేలా తయారైంది. హోల్డర్ లోపల రెండు స్ప్రింగు పిన్నులు ఉండాలి కదా, ఒకటి పైకి తన్నుకొస్తోంది, రెండోది లోపలికి దిగబడి రాలేదు. ఆ తర్వాత ఆ హోల్డర్‌లో ఏ బల్బు పెట్టినా మినుకు మినుకే.

నాకు అప్పుడు వచ్చిన అనుమానం, ఇంత కాలుతుంటే ఎంసీబీ ఎందుకు పడలేదు అని. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఇస్త్రీ పెట్టె 1000 వాట్లు, అంటే 4.3 ఆంపియర్లు. లైట్ల లైనుకి ఉన్న ఎంసీబీ 6 ఆంపియర్లది, దాని లెక్కలో అంతా సవ్యంగానే ఉంది, అది ఎప్పటికీ పడదు. అడాప్టర్ మీద సన్నటి అక్షరాలతో రాసి ఉన్నదేమో 2 ఆంపియర్లు. స్ప్రింగు కొన మీద ఆవగింజంత చోట ఆనుకుని ఉండే కనెక్షన్ అది, బల్బుకి సరిపోతుంది, రెట్టింపు కరెంటు పారితే అక్కడే వేడెక్కుతుంది, వేడికి స్ప్రింగు మెత్తబడుతుంది, స్ప్రింగు మెత్తబడితే ఆనడం ఇంకా వదులవుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. ఎంసీబీ కాపాడేది గోడలోని వైరుని, ఈ ప్లాస్టిక్ ముక్కని కాదు. పైగా హోల్డర్‌కి వచ్చేవి ఫేజు, న్యూట్రల్ రెండే వైర్లు, ఎర్త్ ఉండదు. ఇనప ఒళ్లున్న ఇస్త్రీ పెట్టెలో ఎక్కడైనా కరెంటు లీకైతే అది పోవాల్సిన దారి ఆ గాలిలో నిలబడ్డ పిన్నే. నీళ్లు కాచే రాడ్డు అయితే 1500 వాట్లు, ఆరున్నర ఆంపియర్లు, దాన్ని హోల్డర్‌కి తగిలించినవాళ్లని నేను చూశాను, బకెట్లో చెయ్యి పెట్టి వేడి చూసేవాళ్లని కూడా చూశాను, ఇంక చెప్పేదేముంది.

హోల్డర్ ప్లగ్గు, ఎక్స్‌టెన్షన్ బాక్సు, కొత్త పాయింటు, మూడింట్లో నేనైతే ఇలా చూస్తాను. ఫోన్ చార్జర్, దోమల మందు మిషన్, పండక్కి కట్టే సీరియల్ సెట్, వీటికి హోల్డర్ ప్లగ్గు పర్లేదు, అదీ నాలుగు రోజుల పనికి. మూడు పిన్నులున్న ఏ వస్తువుకైనా అది లేనట్టే లెక్క. ఎక్స్‌టెన్షన్ బాక్సు దానికన్నా నయం, ఐఎస్ఐ మార్కు ఉన్నది, ఎర్త్ వైరు నిజంగా లోపల ఉన్నది తీసుకుంటే టీవీకీ ఫ్యాన్‌కీ చక్కగా సరిపోతుంది, కాకపోతే వైరు తలుపు సందులోంచి, మంచం కోళ్ల కిందనుంచి లాగుతాం చూడండి, అక్కడ చెడుతుంది. ఇస్త్రీ పెట్టె మాత్రం గోడ సాకెట్‌కే. కొత్త పాయింటు అన్నిటికన్నా మేలు, అద్దిల్లని వెనకాడక్కర్లేదు, గోడ పగలగొట్టకుండా పైనుంచి పీవీసీ కేసింగ్ పట్టీ వేసి లాగిస్తారు. మా ఓనరు గారు పగలగొట్టడం లేదనగానే ఒప్పుకున్నారు.

కొమ్ముల రకం గురించి పెద్దగా లేదు. రెండు 9 వాట్ల ఎల్‌ఈడీలకి కరెంటు ఏ మూలకీ రాదు, సమస్య బరువే. పాత 100 వాట్ల గుండు బల్బులు రెండు పెడితే మాత్రం ఆ వేడికి ప్లాస్టిక్ పచ్చబడి పెళుసెక్కుతుంది. మూసి ఉన్న గాజు డోములో ఏ అడాప్టరూ పెట్టకండి. బాత్రూంలో, వాన జల్లు కొట్టే వరండాలో కూడా అంతే. సముద్రం దగ్గర ఊళ్లవాళ్లు, బారువ, కళింగపట్నం, భావనపాడు వైపు, ఇంకోటి చూసుకోవాలి, ఉప్పుగాలికి ఇత్తడి పిన్నులు చిలుము పడతాయి, చిలుము పడితే సరిగ్గా ఆనదు, ఆనకపోతే ఇందాక చెప్పిన కథే. మా తాతగారి కాలం నాటి ఇత్తడి హోల్డర్లు ఇంకా ఉంటే వాటికి అడాప్టర్ తగిలించడం కాదు, ముందు వాటినే తీయించేయండి, లోపల వైరు తొక్క ఊడి హోల్డర్‌కి తగిలిందంటే పై ఇత్తడంతా కరెంటే.

ఇప్పుడు మా ముందు గదిలో బీరువా పక్కన కొత్త పాయింటు ఉంది, పైన హోల్డర్ మార్పించి పిన్ను బల్బు పెట్టాం. ఆ మాడిన అడాప్టర్ని మాత్రం అమ్మ పారేయనివ్వలేదు, టీవీ కింద డ్రాయర్‌లో ఉంది. పండగలకి వచ్చిన మా తమ్ముడు ఇస్త్రీ పెట్టె చేత్తో పట్టుకుని ప్లగ్గు కోసం తల పైకెత్తాడో లేదో, తీసి వాడి చేతిలో పెడుతుంది.