కాల్క్యులిక్స్: రాయగడలోని ఒక ఫ్యాబ్రికేషన్ షాపు నుంచి సమీక్ష

రాయగడలో మా ఫ్యాబ్రికేషన్ షాపు చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు పైపు సపోర్టులు, బ్రాకెట్లు తయారు చేస్తుంది. పెద్ద వాణిజ్య సాఫ్ట్‌వేర్ల లైసెన్సు మాబోటి షాపుకు అందేది కాదు కనుక, ఏడాదిన్నరగా ఉచితంగా దొరికే కాల్క్యులిక్స్ సాల్వరును (వస్తువును ఎలిమెంట్లనే చిన్న ముక్కలుగా విడదీసి, లోడు కింద అది ఎలా వంగుతుందో లెక్కగట్టే సాఫ్ట్‌వేరు), దానికి మెష్, అంటే ఆ ముక్కల అల్లిక, తయారు చేసి ఫలితాలు చూపించే ప్రీపోమ్యాక్స్‌తో కలిపి వాడుతున్నాను. విమాన ఇంజన్ల కంపెనీ ఎం.టి.యు. ఏరో ఇంజన్స్‌లో పనిచేసిన గైడో డోంట్, క్లాస్ విటిగ్ రూపొందించిన ఈ సాల్వరు 1998లో తొలిసారి విడుదలైంది. ఇన్‌పుట్ ఫైలు దాదాపు అబాకస్ అనే వాణిజ్య సాఫ్ట్‌వేర్ ఫైలులాగే ఉంటుంది కాబట్టి, కాలేజీలో ఆ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నవారికి ఇది కొత్తగా అనిపించదు.

ఎలాస్టిక్ లెక్కల్లో, అంటే లోడు తీయగానే లోహం మునుపటి ఆకారానికి వచ్చే దశలో, దీనిపై నాకు ఫిర్యాదు లేదు. ఉక్కు ఈల్డ్ (శాశ్వతంగా వంగడం మొదలయ్యే స్థాయి) దాటిన తరువాతి లెక్కల్లోనే దీని గుణం, మన తెలివి రెండూ బయటపడతాయి. 12 మి.మీ. మందం, 100 మి.మీ. లోతు ఉన్న ప్లేటుతో 300 మి.మీ. బయటికి పొడుచుకొచ్చే బ్రాకెట్ ఒకటి ఓవర్‌లోడ్ పరీక్షలో 30 కిలోన్యూటన్లు మోయాలని కోరారు. ప్లేటు నిర్మాణ ఉక్కుకు భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 2062లోని ఇ 250 గ్రేడు. మెటీరియల్ పట్టికలో నేను ఈల్డ్ విలువ 250 మెగాపాస్కల్ ఒక్కటే రాశాను. సాల్వరు లోడును కొద్దికొద్దిగా పెంచే అడుగులు (ఇంక్రిమెంట్లు) క్రమంగా చిన్నవవుతూ వచ్చి, లోడు సుమారు 83 శాతానికి చేరిన చోట ఇంక్రిమెంటు కనిష్ఠ హద్దు కన్నా చిన్నదైందని చెప్పి సాల్వరు ఆగిపోయింది. రెండు రోజులు మెష్ మార్చాను, ఇంక్రిమెంటు తగ్గించాను. ఆగే చోటు మాత్రం మారలేదు.

మూడో రోజు కాగితం మీద లెక్క వేస్తే సంగతి తెలిసింది. ఆ సెక్షను (ప్లేటు అడ్డుకోత) ప్లాస్టిక్ మొమెంటు, అంటే మొత్తం ఈల్డ్ అయ్యాక అది తట్టుకునే గరిష్ఠ వంపు మొమెంటు, 7.5 కిలోన్యూటన్ మీటర్లు, 0.3 మీటరుతో భాగిస్తే 25 కిలోన్యూటన్లు, అంటే 30లో 83 శాతం. పట్టికలో ఒక్క విలువే రాసి, హార్డెనింగ్ (ఈల్డ్ అయ్యాక లోహం ఇంకా గట్టిపడటం) లేదని నేనే చెప్పాను కనుక, సెక్షను మొత్తం ఈల్డ్ అయ్యాక మిగిలిన లోడును మోసే దృఢత్వం మోడల్లో ఏమీ మిగల్లేదు. సాల్వరు సరైన జవాబే చెప్పింది, నేను దాన్ని తప్పుగా చదివాను. అదే బ్రాకెట్‌కు బలం బదులు స్థానభ్రంశాన్ని ఇచ్చి నడిపితే చివరిదాకా ఆగకుండా వెళ్లి, 25 దగ్గర చదునయ్యే గీతను చూపింది. ప్లేటును 16 మి.మీ.కు మార్చాము, లిమిట్ లోడు (మోయగల గరిష్ఠ లోడు) 33 కిలోన్యూటన్లు దాటింది. "బాబూ, పదహారు వేసేద్దాం" అని మా మేస్త్రి మొదటి రోజే అన్న మాట ఇక్కడ దాచడం న్యాయం కాదు.

దీనికన్నా ప్రమాదకరమైన విషయం మరొకటి ఉంది. అదే 12 మి.మీ. ప్లేటును నాలుగు నోడ్ల (ఎలిమెంట్లను కలిపే బిందువుల) టెట్రా, అంటే నాలుగు ముఖాల, ఎలిమెంట్లతో మెష్ చేస్తే, 30 కిలోన్యూటన్లకు ఏ గొడవా లేకుండా కన్వర్జ్ అయింది, అంటే జవాబు కుదిరింది. ప్లాస్టిక్ ప్రవాహంలో లోహం ఘనపరిమాణం మారదు. ఆ నిబంధనను పాటించేంత స్వేచ్ఛ ఆ ఎలిమెంటుకు లేక బిగుసుకుపోయి, లేని బలాన్ని చూపిస్తుంది. పరిశోధకులు నాగ్తెగాల్, పార్క్స్, రైస్ 1974లోనే వివరించిన లోపమిది. ఇరవై నోడ్ల, రెడ్యూస్డ్ ఇంటిగ్రేషన్ (తక్కువ బిందువుల దగ్గర లెక్కించే) బ్రిక్ ఎలిమెంటు వాడినప్పుడే చేతి లెక్కతో పొంతన కుదిరింది.

హార్డెనింగ్ ఇవ్వదలచినవారు టెస్టు సర్టిఫికెట్‌లోని అంకెలను నేరుగా పట్టికలో ఎక్కించకూడదు. ఉదాహరణకు 15 శాతం సాగినప్పుడు ఇంజనీరింగ్ స్ట్రెస్ (మొదటి వైశాల్యంతో లెక్కించినది) 410 మెగాపాస్కల్ అయితే, ట్రూ స్ట్రెస్ (సన్నబడిన వైశాల్యంతో లెక్కించినది) దాదాపు 472 అవుతుంది. ప్లాస్టిక్ స్ట్రెయిన్‌గా (శాశ్వత సాగుదలగా) లాగరిథమిక్ స్ట్రెయిన్ నుంచి ఎలాస్టిక్ భాగం తీసేసిన 0.137 రాయాలి. మొదటి వరుసలో ప్లాస్టిక్ స్ట్రెయిన్ సున్నా ఉండాలి.

సాల్వరు రాసే స్థితి ఫైలు, కన్వర్జెన్స్ ఫైలు చిన్నవే అయినా వివరంగా ఉంటాయి. రెండో దానిలో శేష బలం (లెక్కలో ఇంకా సమతూకం కాని బలం) ప్రతి ఇటరేషన్‌కూ వేగంగా పడిపోతుంటే మోడల్ ఆరోగ్యంగా ఉన్నట్టే. పడి లేస్తూ ఉంటే కాంటాక్టునో (భాగాలు ఒకదానినొకటి తాకే చోటునో), ఒకే నోడు మీద పెట్టిన లోడునో అనుమానించాలి. శేష బలం డైవర్జ్ అయితే (తగ్గకుండా పెరిగిపోతే) సాల్వరు తానే అడుగును నాలుగో వంతుకు కుదించి మళ్లీ ప్రయత్నిస్తుంది. శేష బలానికి అర శాతంగా ఉన్న డిఫాల్టు హద్దును సడలించి గట్టెక్కే దారి కూడా ఉంది. నేను ఒకసారి ఆ దారి తొక్కి, ఆధారాల దగ్గరి రియాక్షన్ల మొత్తం లోడుతో సరిపోకపోవడం చూసి వెనక్కి వచ్చాను. దోష సందేశాలు మరీ పొడిగా ఉండటం దీని నిజమైన లోటు: ఆగిందని చెబుతుంది, ఎందుకు ఆగిందో వెతుక్కోవడం మన పని.

కాంటాక్టు విషయంలో ఓపిక కావాలి. తాకే ఉపరితలాలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోకుండా ఆపే పెనాల్టీ దృఢత్వానికి మాన్యువల్ సూచించే విలువ, అంటే ఎలాస్టిక్ మాడ్యులస్‌కు 5 నుంచి 50 రెట్లు, మా బోల్టు జాయింట్లకు కింది కొస దగ్గరే బాగా పనిచేసింది.

బ్రాకెట్లు, లగ్గులు, బేస్ ప్లేట్లు చేసే చిన్న షాపులకు, చేతి లెక్క పక్కన పెట్టుకునే అలవాటున్న ఇంజనీరు చేతిలో, దీన్ని నిస్సందేహంగా సిఫారసు చేస్తాను. అయితే నేను వాడిన కూర్పులో లోడు శిఖరం దాటాక కిందికి దిగే గీతను వెంబడించే రిక్స్ పద్ధతి లేదు. అందుచేత పలుచని రేకు తొట్లు, సన్నని గోడల గొట్టాలు కుంగిపోయే లెక్కలకు మాత్రం దీని మీద ఆధారపడవద్దు; అలాంటి పని వస్తే మేము బయట చేయించుకుంటున్నాము.