కోఠీ స్టాంపుల దుకాణం, మా బాబాయి పాలపిట్ట

కోఠీలో బ్యాంక్ స్ట్రీట్ దగ్గరి సందులో ఓ రబ్బరు స్టాంపుల దుకాణం ఉంది. డాక్టర్లు, ఆడిటర్లు, అపార్ట్‌మెంట్ సంఘాల కార్యదర్శులు వచ్చే చోటు. నేను మాత్రం పాలపిట్ట బొమ్మ పట్టుకుని వెళ్ళాను.

లెటర్‌బాక్సింగ్ ఆడేవాళ్ళకు సొంత ముద్ర ఒకటి ఉండాలి. ఎవరో దాచిన డబ్బాను ఆధారాలు చదువుకుంటూ వెతికి పట్టుకోవాలి. అందులో ఒక పుస్తకం, ఒక ముద్ర ఉంటాయి. మన ముద్రను ఆ పుస్తకంలోనూ, ఆ ముద్రను మన పుస్తకంలోనూ వేసుకుని, డబ్బాను ఉన్నచోటే దాచి రావాలి. 1854లో ఇంగ్లండులోని డార్ట్‌మూర్‌లో, క్రాన్‌మియర్ పూల్ దగ్గర జేమ్స్ పెరట్ అనే గైడు విజిటింగ్ కార్డులు వేయడానికి ఒక సీసా పెట్టడంతో ఇది మొదలైంది. ఈ చలికాలం మా బాబాయికి ఆట నేర్పుదామని ముద్ర చేయించాను. ఆయన రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ముద్రల విషయంలో ఆయన్ను మెప్పించడం తేలిక కాదు.

కౌంటరులో ఉన్న పెద్దాయన బొమ్మ చూడగానే, “ఈకల గీతలు ఇంత సన్నగా ఉంటే ఇంకు పూడుకుపోతుందమ్మా” అని, కంప్యూటర్‌లో తనే వాటిని కాస్త లావు చేశారు. బొమ్మను ఫిల్ము మీద నెగటివ్‌గా తీసి, ద్రవ పాలిమర్ మీద అతినీలలోహిత కాంతి పడేట్టు చేస్తారు. వెలుగు తగిలిన మేర గట్టిపడుతుంది, మిగిలింది కడిగేస్తే పోతుంది. లోపలే ఇంకు ఉండే రకం తీసుకోమని ఒకటికి రెండుసార్లు చెప్పారు కానీ, నేను చెక్కపిడిదే అడిగాను. ఈ ఆటలో స్కెచ్ పెన్నులతో ముద్రకే రంగులు పూసి వేసుకోవచ్చు. పాలపిట్టకు నీలిరంగు లేకపోతే ఎలా?

ఆదివారం పొద్దున్నే ఖాజాగూడ గుట్టలకు వెళ్ళాం. బాబాయి మంకీ క్యాప్, పైన మఫ్లరు, చేతిలో టీ ఫ్లాస్కు. డబ్బాను నేను ముందే దాచి, ఆధారం రాసిచ్చాను: “తల్లి వీపున పిల్ల, పిల్ల కింద చీకటి; అక్కడినుంచి సూర్యుడికి ఎదురుగా ఇరవై అడుగులు.” ఇక్కడి గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. గుండు మీద గుండు ఎక్కి కూర్చున్న ఆ గుట్టల్లో తల్లీపిల్లలు అడుగడుగునా కనిపిస్తారు. బాబాయి మూడో జంట దగ్గర విసుక్కుని, “నీ అడుగులా, నా అడుగులా? దస్తావేజులో ఇలా రాస్తే వెనక్కి పంపేవాణ్ణి” అన్నారు. డబ్బా దొరికాక మాత్రం మఫ్లరు తీసి పక్కన పెట్టి, బండ మీద చతికిలబడ్డారు.

అసలు పరీక్ష అప్పుడే. ప్యాడ్ మీద ముద్రను తేలిగ్గా రెండుసార్లు తాటించి, ముందు చిత్తుకాగితం మీద వేసి చూశారు. “ముద్ర కొట్టకూడదు, నొక్కాలి. నొక్కాక కదపకూడదు.” ముక్కు, రెక్క, తోక అన్నీ విడివిడిగా పడ్డాయి. దుకాణం పనికి ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు. అక్కడే కొన్న ఊదారంగు ప్యాడ్ మాత్రం నాసిరకం. మంచుకు చెమ్మగిల్లిన పల్చటి పేజీలో ఇంకు పాకి, అవతలి పేజీకి దిగింది. చిత్రలేఖనం పుస్తకం మందపాటి కాగితం మీద ఆ బాధ లేదు.

డబ్బా సాయంత్రానికి వెనక్కి తెచ్చేశాను. అనుమతి లేనిచోట వదిలి రావడం నాకు నచ్చదు, పైగా అక్కడ దర్గాకు వచ్చిపోయేవాళ్ళూ ఉంటారు.

చెక్కపిడితో ముద్రకు 350 రూపాయలు తీసుకున్నారు. చేతిపనికి అది న్యాయమే. శుక్రవారం ఇస్తామన్నది శనివారం రాత్రి దుకాణం మూసే వేళకు ఇచ్చారు, కాబట్టి ప్రయాణానికి వారం ముందే ఆర్డరు ఇచ్చేయండి. ముద్ర అక్కడ చేయించుకోండి, ప్యాడ్ వేరేచోట కొనుక్కోండి. బాబాయి మా పిన్నికి నెమలి ముద్ర కోసం అదే దుకాణంలో బయానా ఇచ్చి వచ్చారు. రసీదు మీద దుకాణం ముద్ర వంకరగా పడిందని మళ్ళీ వేయించారట.