తిత్లీ తరవాత మళ్లీ బాల్డర్స్ గేట్: ఏళ్ల తరబడి ఆడాక నా మాట

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, కంప్యూటర్‌లో ఇంగ్లీషు. విశాఖలో చదువుకునేటప్పుడు రూమ్మేటు దగ్గర కొన్న, బాల్డర్స్ గేట్ అనే పాత కంప్యూటర్ ఆట అయిదు సీడీల డబ్బా ఒకటి నా దగ్గర భద్రంగా ఉండేది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను రోజున మా మేడ మీది గది రేకులు లేచిపోయాయి. గాలి తగ్గాక వెళ్లి చూస్తే డబ్బా నిండా నీళ్లు. సీడీలు తుడిస్తే బాగానే ఉన్నాయి గానీ మాన్యువల్ మాత్రం అట్ల పిండిలా ముద్దయిపోయింది. ఉన్న సీడీలనైనా ఏం చేసుకోను? కొత్త లాప్‌టాప్‌కి డ్రైవే లేదు. కరెంటు వచ్చి ఇల్లు ఓ దారికొచ్చాక, ఆ చలికాలం ఆటలు అమ్మే ఆన్‌లైన్ కొట్టు స్టీమ్‌లో సేల్ పెట్టినప్పుడు, అదే ఆటని మెరుగుపరిచిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్, దానికి అదనపు కథగా వచ్చిన ఎక్స్‌పాన్షన్ సీజ్ ఆఫ్ డ్రాగన్‌స్పియర్ రెండూ కొన్నాను. అప్పట్నించి అసలు ఆట నాలుగుసార్లు, ఎక్స్‌పాన్షన్ రెండుసార్లు పూర్తిచేశాను. నా రివ్యూ సగం ఈ లెక్కలోనే ఉంది.

ఆడని వాళ్ల కోసం నాలుగు ముక్కలు. 1998లో బయోవేర్ చేసిన ఆట ఇది. పైనుంచి చూస్తూ ఆరుగురి బృందాన్ని నడిపిస్తాం. పోట్లాట ముదిరితే స్పేస్ నొక్కి ఆపి, ఒక్కొక్కరికీ పని చెప్పి, మళ్లీ వదులుతాం. క్యాండిల్‌కీప్ అనే గ్రంథాలయపు కోటలో పెరిగిన అనాథ మన హీరో. పెంచిన గోరియన్‌ని మొదట్లోనే కళ్లముందు చంపేస్తారు. ఆ తరవాత కథంతా ఇనుము చుట్టూ తిరుగుతుంది. గనుల్లోంచి వచ్చే ఇనుము పాడైపోతోంది, మంత్రం లేని కత్తులు దెబ్బ వేస్తుంటే పుటుక్కున విరిగిపోతుంటాయి. మా నాన్నది ఇనుప సామాన్ల కొట్టు. లోకాన్ని కాపాడే కథలు చాలా చూశాను గానీ, సరుకు నాసిరకమైతే ఊరంతా ఎలా గోల పెడుతుందో చూపించిన ఆట ఇదొక్కటే. నన్ను మొదట పట్టుకున్నది ఆ సంగతే.

కొత్త ఎడిషన్ని బీమ్‌డాగ్ అనే సంస్థ 2012లో తెచ్చింది. పాతది 640 బై 480 తెరకి చేసింది. ఇప్పుడు పెద్ద తెర నిండా పరుచుకుంటుంది, దగ్గరికీ దూరానికీ జరుపుకోవచ్చు. మరీ దగ్గరికి లాగితే చెట్లూ ఇళ్లూ మసకబారతాయి. ఆ దృశ్యాలు గీసిన అసలు ఫైళ్లు దొరకలేదట, అందుకే మళ్లీ గీయలేకపోయారట. నేను దూరంనుంచే ఆడతాను కాబట్టి పట్టింపు లేదు.

నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మార్పు ఏంటో చెబితే నవ్వుతారు. అక్షరాల సైజు! ఆడటం ఎంతో చదవడం కూడా అంత ఉండే ఆట ఇది. కాలేజీ రోజుల్లో చీమ తలకాయంత అక్షరాలు చదివేశాను. నలభై దాటాక కుదరదు కదా. సెట్టింగ్స్‌లో పెంచుకున్నాక, అప్పట్లో అర్థం కాక దాటేసిన సంభాషణలు ఈసారి నిదానంగా చదివాను. సగం జోకులు ఇరవై ఏళ్లు ఆలస్యంగా నవ్వొచ్చాయి.

రెండోది, మనుషులు నడిచే తీరు. పాతదాంట్లో ఫైర్‌వైన్ శిథిలాల కింది సొరంగాల్లో ఆరుగురినీ తీసుకెళ్లడం అంటే, కిక్కిరిసిన బస్సులో వెనకవాడు ముందు తలుపులోంచి దిగడం లాంటిది. ఒకడు ఆగితే మిగతా అయిదుగురూ ఇంకెటో తిరిగొచ్చి రాక్షసుల మీద పడేవాళ్లు. ఇప్పుడు ఒకరినొకరు కాస్త తోసుకుని దారిచ్చుకుంటారు. సొరంగాలు మాత్రం ఇప్పటికీ విసుగే.

ఇంకో సంగతి. ఈ మొదటి భాగాన్ని ఇప్పుడు దీని తరవాతి ఆట బాల్డర్స్ గేట్ 2 ఇంజన్ మీద, అంటే ఆ రెండో భాగాన్ని నడిపే ప్రోగ్రాం మీద నడుపుతున్నారు. అందుకని రెండో భాగంలో వచ్చిన, హీరోకి ఎంచుకునే కొత్త వృత్తులు (క్లాసులు), ప్రత్యేక శిక్షణలు ఇక్కడే దొరుకుతాయి. దాంతో మన హీరో కాస్త ముందే బలిసిపోతాడు. పాత కష్టమే కావాలనుకునేవాళ్లు మామూలు ఫైటర్‌నే ఎంచుకోండి. పాత వీడియో దృశ్యాల బదులు చేత్తో వేసినట్టున్న బొమ్మలు పెట్టారు. బాగానే ఉన్నాయి గానీ, నాకు పాతవే ఇష్టం.

కొత్తగా చేర్చిన పాత్రల దగ్గరే నాకు పేచీ. పాతవాళ్లు రెండు ముక్కలు మాట్లాడి ఊరుకుంటారు, మిగతాది మనం ఊహించుకోవాలి. కొత్తవాళ్లు నీరా, రసాద్, డోర్న్ మాత్రం ఆగి ఆగి తమ కథంతా చెప్పుకుంటారు. రసాద్ మంచివాడే, కాకపోతే పెళ్లిలో పక్క కుర్చీ దొరికిన దూరపు చుట్టంలా వదలడు. నీరాని మాత్రం నేను వదల్లేను. మంత్రం వేస్తే ఏం జరుగుతుందో ఆ పిల్లకే తెలీదు. ఒకసారి ప్రాణాల మీదికొచ్చిన పోరాటంలో మంత్రం వికటించి ఆకాశంలోంచి ఆవు పడింది. ఆట ఆపేసి నవ్వాను.

ఇక డ్రాగన్‌స్పియర్. 2016లో వచ్చింది. మొదటి భాగానికీ రెండో భాగానికీ మధ్య ఏం జరిగిందో చెప్పే కథ. కేలార్ అర్జెంట్ అనే ఆవిడ ధర్మయుద్ధమని సైన్యాన్ని నడిపిస్తుంటే, ఊళ్లు వదిలిన జనం బాల్డర్స్ గేట్ నగరంలో వచ్చి పడతారు. ఆవిడ చెడ్డదా కాదా అన్నది చివరిదాకా నలుగుతూనే ఉంటుంది, అది నచ్చింది. పెద్ద పెద్ద పోరాటాలు బాగా కుదిరాయి. మఖీన్ అనే గోబ్లిన్ పిల్ల మీద జనం చూపించే ఏవగింపు కూడా. కానీ దారి మాత్రం మన గుణుపూర్ రైలే. నౌపడాలో ఎక్కితే వరసగా స్టేషన్లు, పక్కకి దారి లేదు. మొదటి భాగంలో సంతలో తిరిగినట్టు ఎటు బుద్ధి పుడితే అటు పోవచ్చు. ఇక్కడ దాటిన చోటికి మళ్లీ వెళ్లలేం. పైగా చిన్నప్పట్నించి వెంట ఉన్న ఇమోయెన్‌ని మొదట్లోనే చదువుకోమని పక్కన కూర్చోబెట్టేశారు. దానికి నేనింకా ఒప్పుకోలేదు. అందుకే ఇది రెండుసార్లే. మొదటిది నాలుగైంది.

ఇదే తరహా పాత ఆటలు ఐస్‌విండ్ డేల్, ప్లేన్‌స్కేప్ టార్మెంట్‌లకూ ఇలాంటి ఎడిషన్లు వచ్చాయి. పోరాటాలే కావాలంటే మొదటిది, చదివే ఓపిక ఉంటే రెండోది.

పోయిన ఎండాకాలం సెలవులకి పాతపట్నం నుంచి మా మేనల్లుడు వచ్చాడు. వాడికి ఇచ్చి చూశాను.

“మావయ్యా, ఇదేటి, కత్తి ఊరికే ఇరిగిపోనాది?”

“ఆ ఇనుమే నాసిరకంరా. తాతయ్య కొట్లో అడుగు.”

కవచం అంకె ఎంత తగ్గితే అంత మంచిదని వాడికి ఎక్కించడానికి రెండు రోజులు పట్టింది. మా అత్త బీపీతో పోల్చి చెబితే గానీ వాడికి ఎక్కలేదు. ఫ్రెండ్లీ ఆర్మ్ సత్రం మెట్ల మీద కాచుకుని ఉండే మాంత్రికుడి చేతిలో ఏడుసార్లు చచ్చాడు. బృందంలో ఎవరూ చావని స్టోరీ మోడ్ ఉంది, పెట్టనా అంటే, “వద్దు, ఆడ్ని నేనే సంపుతాను” అన్నాడు. ఎనిమిదోసారి చంపాడు.

రాత్రి కొట్టు కట్టేసి వచ్చాక మా నాన్న కూడా వెనక కుర్చీలో కూర్చునేవారు. ఓ రోజు ఉండబట్టలేక, “ఇంతకీ ఆ గనిలో ఇనుము పాడుచేస్తున్నది ఎవరు?” అని అడిగారు. నేను కళ్లతో సైగ చేశాను. మేనల్లుడు పక్కనే ఉన్నాడు, వాడింకా నష్కెల్ గనుల దాకా పోలేదు.